రౌతు లేకుండా తిరిగొచ్చిన గుర్రం

శోణపుర నగరానికి ఉత్తరద్వారమే అలంకారం. తాటిచెట్టంత ఎత్తున ఎర్రరాతి కమాను, దాని మీద రెక్కలు విప్పి ఎగరబోతున్నట్టున్న రెండు రాతిగుర్రాలు, వాటి కళ్లల్లో కెంపులు, మెడల్లో బంగారు మువ్వలు. సాయంకాలపు ఎండ సోకిందంటే ఆ కెంపులు నిప్పుల్లా భగభగలాడేవి. ఆ రాతిగుర్రాలకు పొద్దున్నే చేమంతి దండలు, సాంబ్రాణి ధూపం, మేళతాళాలతో హారతి. శోణగిరి రాజ్యంలో గుర్రమంటే దేవుడే మరి!

సరిగ్గా ఆ కమాను కిందే, ఒక తుమ్మకొయ్యకు కట్టేసి, ప్రాణమున్న గుర్రం ఒకటి ఆకలితో చస్తోంది. దానికి గడ్డిపోచ వేసినవాడి చెయ్యి నరకమని రాజశాసనం. చూశారా న్యాయం!

ఆ రాజ్యంలో అదొక ఆచారం. ఏ మహానుభావుడి బుర్రలో పుట్టిందో తెలియదు. రౌతును ఎక్కడో వదిలేసి ఒంటరిగా ఇల్లు చేరిన గుర్రం స్వామిద్రోహి అన్నమాట. అశ్వహత్య మహాపాపం కనుక దాన్ని చంపరు. ఎంత దయ! నొసటన ఎర్రగా కాల్చిన ఇనుముతో వాత పెట్టి, ద్రోహికొయ్యకు కట్టి, తిండి మానిపించి, అదంతట అదే చచ్చేదాకా చూస్తారు. ఆ తాడు ముడి మాత్రం, పోయిన రౌతుకు అందరికన్నా అయినవాడే వెయ్యాలి.

ఈ గుర్రం పేరు గవ్వ. కొండజాతి పొట్టి గుర్రం. బూడిదరంగు ఒళ్లు, నొసటన గవ్వలాంటి తెల్లమచ్చ. ఇప్పుడా మచ్చ లేదు, దాని చోట నల్లగా మాడిన వాత ఉంది. యువరాజు జయకేతనుడు తొలకరి రోజుల్లో దాన్నెక్కి, పశువుల్నీ మనుషుల్నీ రాళ్లుగా మార్చేస్తున్న ఉలూకనాథుడనే మాంత్రికుణ్ణి పట్టడానికి ఉత్తరపు కొండలకు వెళ్లాడు. ఆ ఇరుకు దారుల్లో పెద్ద గుర్రాలు నడవలేవు మరి. కొన్నాళ్లకు గవ్వ ఒక్కతే తిరిగొచ్చింది.

ముడి వేసినవాడు కాటన. జయకేతనుడికి పాలిచ్చిన దాది కొడుకు, వయసులో ఏడాది చిన్న, రాజుగారి ఆశ్వికదళంలో పేరున్న రౌతు. ప్రయాణం నాడు జ్వరంతో మంచాన ఉన్నాడు, లేకుంటే అన్న వెంట తానూ వెళ్లేవాడే. గవ్వ ఒంటరిగా వచ్చిందని వినగానే మంచం మీంచి లేచి వచ్చి, పళ్లు కొరుకుతూ, ఊపిరాడనంత బిగించి కట్టాడు. కట్టి మొహాన ఉమ్మేసి వెళ్లాడు.

వానాకాలం మొత్తం అది చావలేదు. కురిసిన వాన తాగింది. పైనున్న రాతిదేవుళ్ల మెడల్లోంచి గాలికి రాలిన వాడిపోయిన చేమంతులు తింది.

కార్తికం వచ్చింది. యువరాజుకు దర్భబొమ్మ చేసి ఉత్తరక్రియలు జరిపిస్తారనీ, సేనాపతి శంకుకర్ణుడి మేనల్లుడికి యౌవరాజ్య పట్టం కడతారనీ చాటింపు వేశారు. అది విన్న కాటనకు ఒళ్లు తెలియలేదు. కత్తి దూసుకుని ద్రోహికొయ్య దగ్గరికి వచ్చాడు. పాపం వస్తే వచ్చింది, ఈ పీడను ఇవాళ తెగనరికేస్తానని.

గవ్వ తల ఎత్తింది. మెడ చుట్టూ తాడు మాంసంలోకి దిగి పురుగులు పడ్డాయి. డొక్కలు లెక్కపెట్టేట్టున్నాయి. గిట్టలు పెరిగి, వంకర తిరిగి, పగుళ్లిచ్చాయి. కాటన కత్తి ఎత్తేలోగా అది మెల్లిగా మెడ చాచి, అతని ఉత్తరీయం ఎడమ చెంగు పళ్లతో పట్టుకుని లాగింది.

"అదిగో, మొదలెట్టింది!" అంటూ ద్వారపాలకుడు పగలబడి నవ్వాడు. "వచ్చిన కాణ్ణించీ ఇదే వరస, కాటనగారూ! ఎవడు దగ్గరికొచ్చినా గుడ్డ పట్టుకు లాగుద్ది. మూతికి చిక్కం కడితే చిక్కం కుళ్లిపోయింది గాని దీని పిచ్చి కుదరలేదు."

కాటన చెయ్యి దిగిపోయింది. చంపితే ఏమొస్తుంది? అన్న ఎక్కడ పడిపోయాడో ఈ భూమ్మీద తెలిసింది దీనికొక్కదానికే. ఇది బతికి నాలుగడుగులు వేస్తే, దర్భబొమ్మకు బదులు కనీసం అన్న ఎముకలైనా దొరుకుతాయి. ఆ ఒక్క ఆశతో కత్తి ఒరలో పెట్టి వెనుదిరిగాడు.

మర్నాడు ఉత్తరద్వారం దగ్గరికి ఒక గూనివాడు వచ్చాడు. మొహాన మసి, ముక్కుకు గుడ్డ, వెనకాల చచ్చిన గొడ్లను లాగే చెక్కబండి. వాడు గవ్వను కాలితో తన్ని, "చచ్చిందయ్యోరూ, లాక్కుపోతాను" అన్నాడు. ద్వారపాలకుడు ఈటె మొనతో గవ్వ డొక్కలో పొడిచాడు. అది కదల్లేదు. నటనేం కాదు, కదిలే ఓపిక లేదు దానికి.

"సేనాపతిగారికి చెప్పాలి ముందు."

"చెప్పండి బాబయ్యా, తమరు నిమ్మళంగా చెప్పిరండి. ఈలోగా కంపు లేస్తే పైనున్న సాములోరికి మైల. ఆ మైల ఎవరి పీకకు చుట్టుకుంటదో నాకేం తెలుసు?"

ద్వారపాలకుడు రాతిగుర్రాల వంక చూసి లెంపలు వాయించుకున్నాడు. "తియ్యి, తియ్యి! బేగి లాక్కుపో!"

గూనివాడు తాడు కోశాడు. ఆ ముడి ఎంత గట్టిదో వాడికి తెలుసు, వేసింది వాడే.

అడవి మొదట్లో ఎర్రక్క సున్నపుబట్టీ ఉంది. గాడిదల మీద రాయి మోయించి సున్నం కాల్చుకునే ముసలిది. నోరు మంచిది కాదని ఆ చాయలకు ఎవరూ పోరు. కాటనకు కావలసిందీ అదే. బండి మీదున్న గవ్వను చూసి ఆమె నడుము మీద చేతులు పెట్టుకుంది.

"ఏందబ్బీ ఇది? గుర్రమా, గుర్రపు తోలా?"

"బతికించాలి అవ్వా."

"ఊరంతా కలిసి చంపి, ఆడికాడికి సచ్చినాక నా కాడికి తెస్తివా? బాగుండాది మీ నాయం!" అని తిడుతూనే లోపలికి పోయి వేడినీళ్లు తెచ్చింది.

సీతాఫలం ఆకు దంచి పసరు పిండితే మెడ పుండులోంచి పురుగులు బిలబిల్లాడుతూ రాలాయి. వేపాకు కాచిన నీళ్లతో కడిగి పసుపు అద్దారు. గవ్వ కిక్కురుమనలేదు. నొప్పి అనేది అరిస్తే తగ్గుతుందనే నమ్మకం దానికి ఎప్పుడో పోయింది.

కాటన మహా తెలివిగలవాడు గదా! ఆకలిగొన్న దానికి కడుపునిండా పెట్టాలని, గంపెడు ఉలవ గుగ్గిళ్లు ఉడికించి ముందు పెట్టాడు. గవ్వ ఆబగా తినేసింది. ఇంకేముంది, మధ్యాహ్నానికి కడుపు డోలులా ఉబ్బిపోయి, నేల మీద పడి నాలుగు కాళ్లూ కొట్టుకోసాగింది.

ఎర్రక్క గుండెలు బాదుకుంటూ వచ్చింది. "ఒరే మొద్దు మొగమా! ఎండిపోయిన పేగులురా అయి! ఒక్కపాలి అంత కుక్కుతావా? ద్రోహికొయ్య చెయ్యలేని పని నువ్వు చేస్తివే! లేపు, లేపు! నడిపించు! పండుకుంటే పోతాది!"

పొద్దుగూకే దాకా కాటన దాని భుజం కింద తన భుజం పెట్టి, మోసినంత పనిచేసి, బట్టీ చుట్టూ తిప్పాడు. అది కూలబడినప్పుడల్లా తానూ కూలబడి, మళ్లీ లేపాడు. "చావకే, నీకు దండం పెడతాను, చావకే!" అని ఏడ్చాడు. వాము కషాయం పోసి ఎర్రక్క కడుపు రుద్దింది. చివరికి దానికి గాలి వెళ్లింది. ఆ చప్పుడు విని ఆనందపడినట్టు కాటన ఏ సంగీతం వినీ ఆనందపడలేదు.

అప్పట్నుంచి కొలత ఎర్రక్కది. ముందు ఉలవకట్టు తేట, బెల్లం నీళ్లు. తర్వాత చారెడు తవుడు, గుప్పెడు గరిక. కాటన రోజుకింత గిట్టలు చెక్కి, పగుళ్లలో ఆముదం, మైనం కలిపి నింపాడు. కార్తికం పోయింది, మార్గశిరం వచ్చింది. రాలిపోయిన చోట్ల బొచ్చు నూనూగుగా మొలిచింది. వాత మాత్రం మానలేదు, మానేదీ కాదు.

దాని వరస మాత్రం మారలేదు. లేచి నిలబడగలిగిన రోజునుంచీ కుండలో కూడు పెట్టగానే ముందు కాటన ఉత్తరీయం పట్టుకుని ఉత్తరం వైపు లాగడం, లాగలేక తూలిపడడం, లేచి మళ్లీ లాగడం.

"ఇదేం గుర్రంరా అబ్బీ, కూడు పెడితే కూడు తినకుండా నీ గుడ్డ తింటాది?" అని ఎర్రక్క నవ్వేది.

ఒకనాడు కాటన గొంతుక్కూర్చుని వెనక గిట్ట చెక్కుతున్నాడు. గవ్వ మెడ తిప్పి ఎడమ చెంగు అందుకుని ఒక్క గుంజు గుంజింది. దానికి బలం వచ్చిందని అతనికి అప్పుడే తెలిసింది. వెల్లకిలా పడి, సున్నంలో దొర్లి, ఎన్నాళ్లకో ఫక్కున నవ్వాడు. "చాల్లేవే, నీ ఆటలూ..."

ఆట!

చిన్నప్పుడు రాజుగారి గడ్డివాముల్లో వాళ్లాడుకున్న ఆట కళ్లముందు నిలిచింది. జయకేతనుడు ఎక్కడో దాక్కునేవాడు. దాక్కుని, అప్పుడింకా పిల్లగా ఉన్న గవ్వ చెవిలో, "పోయి మన కాటణ్ణి పట్టుకురావే!" అని చెప్పి పంపేవాడు. అది గంతులేసుకుంటూ వచ్చి ఎడమ చెంగు పట్టుకుని, బరబరా ఈడ్చుకుపోయి అన్న ముందు నిలబెట్టేది. అదే చెంగు. అవే పళ్లు.

అది పారిపోయి రాలేదు. అన్న పంపితే వచ్చింది.

"అవ్వా!" అని కాటన పెట్టిన కేకకు గాడిదలు బెదిరి పరుగెత్తాయి. "బతికున్నాడవ్వా! పంపేనాటికి బతికే ఉన్నాడు! రమ్మని పిలిచాడు! పిలవడానికి వచ్చినదాన్ని నేను... నేను..."

రెండు చేతులా తల బాదుకున్నాడు. ఊళ్లో అందరి గుడ్డలూ పట్టుకు లాగింది గదా! వానలో, పుండుతో, చచ్చిపోతూ లాగింది గదా! పిచ్చిదన్నారు. ఊరివాళ్లకంటే తెలియదు. ఆ ఆట ఆడినవాడు తాను. తనకెందుకు తెలియలేదు? ఆచారం పేరు చెప్పగానే తన జ్ఞాపకం ఏ గంగలో కలిసింది?

ఎర్రక్క బెదిరిన గాడిదల్ని తోలుకొచ్చి కట్టేసింది. తర్వాత, "నువ్వు ఏడిస్తే దాని కాళ్లకు బలం వస్తాదా? ఇప్పుడే బయల్దేరదీస్తే కొండ ఎక్కకముందే పడి సస్తాది. దారి తెలిసింది దానికి ఒక్కదానికే. ఇంకొంత కాలం ఓర్సుకో" అంది కటువుగా.

ఓర్చుకోవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది కాటనకు. అవతల అన్న ఎదురుచూస్తుంటాడు, ఇవతల తాను గుప్పెడేసి తవుడు కొలిచి పెడుతుండాలి. తాను ఎండబెట్టిన కాళ్లకు తానే కండ పట్టించేదాకా ఆగాలి. ఇంతకన్నా పెద్ద శిక్ష ఏ రాజూ వెయ్యలేడు.

పుష్యమాసపు మంచు కురుస్తుండగా, ఒక ఉదయం గవ్వ చెంగు పట్టుకుని లాగి, ఆగకుండా దౌడు తీసింది. కాటన ఎగిరి దాని మీద కూర్చున్నాడు. ఎర్రక్క రొట్టెల మూట విసిరి, "పో! పోయి తెచ్చుకో నీ అన్నను!" అని కేక వేసింది.

కనుమ చేరుకునేసరికి వెనక కొమ్ముబూరలు మోగాయి. నొసట వాత ఉన్న గుర్రం దౌడు తీయడం ఎవరో చూసి, మరి కార్తికంలో లాక్కుపోయిన కళేబరం ఏదని అడిగారు, ద్వారపాలకుడు నీళ్లు నమిలాడు, శంకుకర్ణుడికి కబురు వెళ్లింది. యువరాజు ఎముకలు దొరికినా, ప్రాణాలు దొరికినా మేనల్లుడి పట్టాభిషేకం ఏం కాను? ఎత్తైన సింధు గుర్రాలెక్కి సేనాపతి మనుషులు ఈటెలు విసురుతూ తరుముకొచ్చారు.

ఎదురుగా కొండచరియ. దాని పొట్ట మీద జానెడు బాట, కింద మబ్బులు తేలే లోయ. గవ్వ ఒక్క క్షణం ఆగింది. చెక్కిన గిట్టలతో రాయిని తడిమి, పక్కకు ఒరిగి, మేకలా నడక సాగించింది. వెనకనుంచి ఒక ఈటె కాటన చెవి పక్కగా దూసుకుపోయింది. ముందున్న సింధు గుర్రం ఆ ఊపులో చరియ మీద కాలు పెట్టనే పెట్టింది. రాయి విరిగింది. రౌతు ఒక చెట్టువేరు పట్టుకుని వేలాడాడు, గుర్రం లోయలోకి పోయింది. దాని అరుపు కొండలన్నీ తిరిగి తిరిగి వినిపించింది. మిగతావాళ్లు ముందుకు రాలేకపోయారు. గుర్రం లేకుండా రౌతు ఇంటికి పోతే ద్రోహి అనే ఆచారం మాత్రం ఆ రాజ్యంలో లేదు.

చరియ దాటాక నీలిపొగల లోయ. సంపెంగల వాసన, జోలపాటలాంటి గాలి. చెట్ల మొదళ్లలో లేళ్లు, పులులు పక్కపక్కనే పడి నిద్రపోతున్నాయి, కొన్ని అప్పుడే సగం రాళ్లయ్యాయి. కాటన కళ్లు బరువెక్కాయి. అమ్మ పిలుస్తున్నట్టు, పడుకోమంటున్నట్టు అనిపించి గవ్వ వీపు మీంచి జారిపోయాడు. మరుక్షణం మోచేతి పైన భగ్గుమంది. గవ్వ కరిచింది! నెత్తురు చిమ్మేట్టు కరిచి, అతను కళ్లు మూసినప్పుడల్లా మళ్లీ కరుస్తూ, ఈడ్చుకుంటూ ఆ పొగ దాటించింది. చేతినిండా గాట్లు పడ్డాయి. తాను చేసినదానికి ఇవి ఏ మూలకని కాటన అనుకున్నాడు.

పొగ విడిపోయింది. నల్లరాతి గుహ ఎదుట చదును నేల. దాని నడుమ ఒక విగ్రహం. కుడిచెయ్యి చాచి, దక్షిణం వైపు, శోణపురం వైపు, 'పో' అన్నట్టు చూపిస్తున్న విగ్రహం.

గవ్వ సకిలించింది. ఆ సకిలింపు పిల్లగుర్రం సకిలింపులా ఉంది. పరుగున వెళ్లి విగ్రహం పాదాల మీద మూతి ఆనించింది.

కాటన దగ్గరికి వెళ్లి మొహం చూశాడు. పాదాలు రాయి. నడుము రాయి. గుండెలు, చేతులు, గొంతు, పెదవులు రాయి. కళ్లు మాత్రం జయకేతనుడివి. ఆ కళ్లు కదిలాయి.

"అన్నా!"

గుహ మీదున్న కొమ్మ నుంచి కిచకిచమని నవ్వు వినబడింది. మనిషి తలంత పెద్ద గుడ్లగూబ.

"వచ్చావా? తొందరగానే వచ్చావే!" అంది అది మనిషి గొంతుతో. "నెలకు కాస్తంత చొప్పున ఎక్కే రాయి ఇది. ఈ పొట్టిదాన్ని పంపిన రోజున మోకాళ్ల కిందే ఉంది. చేతుల్లో నెత్తురు పారుతున్నంత కాలం, అయినవాడొకడు వచ్చి చెయ్యి పట్టుకుని లాగితే చాలు, మొక్కలా ఊడి వచ్చేవాడు. చేతులు మొన్న కార్తికం దాకా చేతులుగానే ఉన్నాయి సుమా!"

కాటన ఆ చాచిన చెయ్యి పట్టుకుని లాగాడు. అరుస్తూ లాగాడు. అరచేతులు చీరుకుపోయి రాయి ఎర్రబడిందే గాని కదల్లేదు.

"మరి గుర్రాన్ని ఎందుకు పోనిచ్చారురా మీరు!"

"మా దొర ఉలూకనాథుడే పోనిమ్మన్నాడు. మీ ఊరి ఆచారం ఆయనకు తెలుసు. పిలవడానికి వెళ్లినదాన్ని అయినవాళ్లే కట్టేస్తారు, చూస్తూ ఉండమన్నాడు." గుడ్లగూబ రెక్కలు విదిల్చింది. "ఇక మిగిలింది గుహ అడుగున మా దొర కాపలా కాసే చమురుదీపం. ఆ చమురు కళ్లకు రాస్తే రాయి కరుగుతుంది. వచ్చే అమావాస్యకు కళ్లు కూడా పోతాయి. చెప్పడానికి నాకేం భయం? లోపలికి పోయినవాడు బయటికి రావడం నేను చూడలేదు."

జయకేతనుడి కళ్లు గుడ్లగూబను చూడడం లేదు. గవ్వ నొసట తెల్లమచ్చ ఉండాల్సిన చోట నల్లటి వాతను చూస్తున్నాయి. అక్కణ్ణించి మెడ చుట్టూ బొచ్చు మొలవని తాడు గుర్తు మీదికి దిగాయి. అక్కణ్ణించి కాటన మొహం మీదికి వచ్చి, అడుగుతున్నట్టు ఆగాయి.

అబద్ధం చెప్పడానికి కాటనకు నోరు రాలేదు. "నేనే కట్టాను అన్నా. ఆ ముడి నాదే."

ఆ కళ్లల్లో కోపం వచ్చినా బాగుండేది. నీళ్లు నిండి, రాతి చెంప మీద జారి, గడ్డం దగ్గర ఆగాయి. తర్వాత ఆ కళ్లు అతణ్ణి వదిలేసి మళ్లీ గవ్వ వైపే తిరిగాయి.

గవ్వ చెవులు నిక్కబొడుచుకుంది. పాత ఆటలో తనకు మాత్రమే చెప్పే మాట ఏదో విన్నట్టు తల ఊపింది. వచ్చి కాటన ఉత్తరీయం ఎడమ చెంగు పట్టుకుని, చీకటి గుహ వైపు లాగింది.

ఈసారి కాటన ఎటని అడగలేదు. కత్తి దూసి దాని వెనక నడిచాడు. ఆ కళ్లు తన వీపు వంక చూస్తున్నాయో లేదో వెనక్కి తిరిగి చూసే ధైర్యం అతనికి లేకపోయింది.